వెనక్కి నడిచిన చీటీ

ముప్ఫై ఐదు చుట్ల దాకా మెషీన్ తెర మీద, లేవాల్సిన ఒక్కటి తప్ప, మిగతా గీతలన్నీ బుద్ధిమంతుల్లా నేలకి అంటుకుని పడుకున్నాయి. ముప్ఫై ఆరో చుట్టులో వాటిలో ఒకటి తల ఎత్తింది.

కొత్త పెళ్ళికూతురు కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆమె జాతీయ అంటువ్యాధుల పరిశోధన సంస్థలో టెక్నీషియన్‌గా చేరి పది నెలలైంది, పెళ్ళి చేసుకుని పదిహేడు రోజులైంది. మొదటి సంగతి అందరూ మర్చిపోయారు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి గ్లాసు సామాను కడిగే ఆవిడ దాకా ఆమెని ‘కొత్త పెళ్ళికూతురు’ అనే పిలుస్తున్నారు. ఆమెకీ అది ముద్దుగానే ఉంది. ఈ పదిహేడు రోజులుగా ఆమెకి ప్రతిదీ ముద్దుగానే ఉంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం, ఇంట్లో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు భుజం భుజం ఆనించుకుని నిలబడడం, ఆఖరికి టీ మీద కట్టే మీగడ కూడా.

ఈ గీత మాత్రం ముద్దుగా లేదు.

"బాబాయ్, ఒక్కసారి ఇటు రండి."

బాబాయ్ అంటే ఆమె బాబాయ్ కాదు. ఎవరి బాబాయీ కాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ సంస్థలో పనిచేస్తున్న పాత టెక్నీషియన్. అందుకే అందరికీ ఆ వరస. ఆయన కళ్ళజోడు నుదుటి మీదనుంచి కిందికి లాక్కుని తెర మీదికి వంగాడు.

"పళ్ళెంలో ఏ గుంట?"

"ఏడు. మధ్యాహ్నం అర్జెంటుగా వచ్చిందే, ఆ పాప."

నలభై చుట్లూ అయ్యేసరికి ఆ గీత కొండ ఎక్కినట్టు పైకి వెళ్ళి ఆగింది. మెషీన్ చేసే పని చెప్పడానికి తేలికే. శాంపిల్లో రోగం తాలూకు తునక ఒక్కటి ఉన్నా చుట్టు చుట్టుకీ దాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతుంది. ఎక్కువ ఉంటే గీత తొందరగా లేస్తుంది, తక్కువ ఉంటే ఆలస్యంగా. ఏమీ లేకపోతే అసలు లేవదు. ముప్ఫై ఆరు అంటే చాలా ఆలస్యం. అయినా లేచింది.

బాబాయ్ పక్క గుంట చూశాడు. ప్రతిసారీ ఒక గుంటలో ఒట్టి నీళ్ళు పోస్తారు. నీళ్ళలో గీత లేస్తే తప్పు తమ చేతుల్లో ఉన్నట్టు. లేవకపోతే మిగతా గుంటల మాట నమ్మొచ్చు.

"నీళ్ళు శుభ్రంగా ఉన్నాయమ్మా. మన చేతులు మంచివే. పాపం, ఆ పిల్లకే వచ్చింది." ఆయన నిట్టూర్చాడు. "ఎన్నేళ్ళయింది ఇక్కడ పొక్కుల జ్వరం మొహం చూసి! నేను వెళ్ళి డాక్టరమ్మకి చెప్తాను. నువ్వు ఈ తెర ముందునుంచి కదలకు."

ఆయన వెళ్ళాక ఆమె శాంపిల్‌తో పాటు వచ్చిన కాగితం మళ్ళీ తీసింది. ఆడపిల్ల, ఎనిమిదేళ్ళు. హాస్టల్లో ఉంటుంది. జ్వరం, కడుపునొప్పి, వీపు మీద పొక్కులు. అపెండిక్స్ ఆపరేషన్‌కి అంతా సిద్ధం, పొక్కుల జ్వరం కాదని తేలితేనే థియేటర్‌లోకి తీసుకెళ్తాం, త్వరగా చెప్పగలరు. దాని కింద ఇంకెవరో, బహుశా నర్సు, వేరే పెన్నుతో రాశారు: ‘పాప తల్లి చెయ్యి వదలడం లేదు.’

ఆ చెయ్యి దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఆగిన చూపు మెల్లగా తన ఎడమ చేతి మీదికి జారింది. అప్పుడు గుర్తొచ్చింది.

ఈ పని మూడు గదుల్లో జరుగుతుంది. మొదటి గదిలో తెల్ల కోటు వేసుకుని, శుభ్రమైన మందులు కలుపుతారు. ఆ గదిలోకి రోగం తునక గాలి కూడా రాకూడదు. రెండో గదిలో నీలం కోటు వేసుకుని శాంపిల్స్ పోస్తారు. మెషీన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి తయారుచేసి పెట్టుకున్న నమూనా తునక, అందరూ ‘గురువుగారు’ అనేది, దాన్ని అన్నిటికన్నా చివర పోసేదీ అక్కడే. గురువుగారు ఎవరికీ జబ్బు అంటించలేరు గానీ మెషీన్‌ని నమ్మించడంలో మహా ఘటికులు. కంటికి కనపడని తుంపర చాలు. మూడో గదిలో ఆకుపచ్చ కోటు, మెషీన్. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి. ఆ రోజుకి మళ్ళీ వెనక్కి లేదు. ఏదైనా మర్చిపోతే మర్చిపోయినట్టే, రేపు తెచ్చుకోవాలి. చేరిన మొదటి రోజే బాబాయ్ ఆమెని ఆ వసారాలో నిలబెట్టి, "ఈ బిల్డింగ్‌లో మనం నదిలాంటి వాళ్ళమమ్మా, ఎదురు పోవడం రాదు" అన్నాడు. గోడ మీద బోర్డు కూడా ఉంది: ‘వెనక్కి నడిస్తే పుస్తకంలో రాయండి. రాయకపోతే ఇంటికి నడవండి.’

ఇవాళ పదకొండూ ముప్పావుకి ఆమె వెనక్కి నడిచింది. రాయలేదు.

కారణం ఒక చీటీ. ఆమె భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. రోజూ పొద్దున్న ఆమె బస్సెక్కే ముందు చేతిలో ఒక చీటీ పెడతాడు. కళ్ళ పరీక్షకి గోడకి తగిలించే అట్టలాగే రాస్తాడు. పై అక్షరాలు అరచేతికి సగం, కింది వరస దాంట్లో సగం, దాని కిందిది ఇంకా సగం. ఇవాళ్టి చీటీలో మొదటి వరస: ‘నా’. రెండో వరస: ‘బంగారం’. మూడు: ‘సాయంత్రం ఆరింటికి’. నాలుగు: ‘బస్టాపులో నిలబడి ఉంటాను’. అయిదో వరస చీమల బారులా ఉంది. బస్సు కుదుపుల్లో ఎంత కళ్ళు చికిలించినా అంతు చిక్కలేదు. రెండో గదిలో లేబుళ్ళు చూసుకునే భూతద్దం ఉందిగా, దాని కింద పెట్టి చదువుకోవచ్చనుకుంది. తీరా రెండో గదిలోకి వచ్చాక చూసుకుంటే చీటీ మొదటి గదిలో తెల్ల కోటు జేబులో ఉండిపోయింది.

పొద్దుటి పని అంతా అయి, గురువుగారిని పోసేసి, అరగంట ఖాళీ దొరికింది. బాబాయ్ మొదటి గదిలోంచి టీకి వెళ్ళాడు. పది అడుగులు. ఎవరూ లేరు. కుడిచేతి గ్లౌజు తీసేసింది. ఎడమ చేతిది తీయలేదు. కోటు మందుల ఫ్రిజ్ పక్క కొక్కేనికి ఉంది. చీటీ అందుకుంటుంటే మోచెయ్యి తగిలి గొట్టాల మూతల పెట్టె ఒరిగింది. నాలుగు మూతలు బల్ల మీద దొర్లాయి. వాటిని ఎడమ చేత్తో ఏరి మళ్ళీ పెట్టెలో వేసింది.

ఎడమ చేత్తో!

అప్పుడది ఏమంత పెద్ద విషయంగా తోచలేదు. అసలేమీ తోచలేదు. నవ్వుకుంటూ రెండో గదికి వచ్చి చీటీని భూతద్దం కింద పెట్టబోతుంటే ఆ పాప శాంపిల్ వచ్చింది. చీటీ మెడలోని గుర్తింపు కార్డు కవరులోకి వెళ్ళింది. బాబాయ్ మొదటి గదిలో కొత్తగా మందు కలిపి, మూతలు లెక్కపెట్టి, కిటికీలోంచి ఆమెకి అందించాడు. ఆ మూతల్లో ఒకటి ఏడో గుంటలోని గొట్టానికి పడి ఉంటే?

పడకపోయి ఉంటే?

వసారాలో చెప్పుల చప్పుడు వినిపించింది. పెద్ద డాక్టరమ్మ వచ్చేసింది. ఆ విభాగానికి ఆవిడే పెద్ద. బక్కపల్చటి మనిషి. ఆవిడకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఎంత తగ్గితే అంత భయం. వస్తూనే తెర చూసింది, నీళ్ళ గుంట చూసింది, గడియారం చూసింది. రెండూ యాభై.

"మంత్రిత్వశాఖకి కాగితం నేను రాస్తాను. ఆసుపత్రికి ఫోన్ చేసి పాపని అంటురోగాల వార్డుకి మార్చమనాలి."

"అది ఊరికి అవతల కదండీ, గంటన్నర ప్రయాణం" అన్నాడు బాబాయ్. "మరి ఆపరేషన్?"

"అక్కడి డాక్టర్లు చూసుకుంటారు. ఇక్కడి థియేటర్‌లోకి ఆ పిల్లని రానివ్వరు. తల్లిని కూడా వేరు చేయాలి. హాస్టల్లో ఎంతమంది?"

"నూట నలభై. ఇవాళ్టితో బడికి సెలవులట. అయిదింటికి బస్సుల్లో ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు."

"వెళ్ళకూడదు. నాలుగులోపు హాస్టల్ మూసేయాలి."

కొత్త పెళ్ళికూతురు చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది. చెప్పెయ్యాలి. చెప్తే? ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇంకో పది రోజుల్లో రావాలి. బోర్డు మీద ఏం రాసుందో ఆమెకి తెలుసు. పైగా తన మాట నమ్మి వీళ్ళు ఆగితే, ఆ పాపకి జబ్బు నిజంగానే ఉంటే, ఆ బస్సులు నూట నలభై ఇళ్ళకి రోగాన్ని మోసుకెళ్తాయి. ఊరుకోవడమే క్షేమమేమో! జాగ్రత్త ఎక్కువైతే ఎవరికి నష్టం?

ఎవరికంటే, ఆ పాపకి. కడుపులో పగలడానికి సిద్ధంగా ఉన్నదాన్ని పెట్టుకుని, తల్లి చెయ్యి విడిపించుకుని, గంటన్నర అంబులెన్సులో. ఆ ఒక్క ఆలోచన మిగతా ఆలోచనల నోరు మూయించింది.

డాక్టరమ్మ ఫోన్ అందుకుంది.

"మేడమ్, ఆగండి." కొత్త పెళ్ళికూతురు ఒక అడుగు ముందుకి వేసింది. "ఆ గీత గురువుగారిది కావచ్చు."

డాక్టరమ్మ ఫోన్ పట్టుకునే తిరిగింది. "నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి."

"ఉన్నాయి మేడమ్. కానీ నేను... నేను ఇవాళ వెనక్కి నడిచాను."

బాబాయ్ నోరు తెరుచుకుంది. మూసుకోలేదు.

"ఎప్పుడు?" అంది డాక్టరమ్మ.

"పదకొండూ ముప్పావుకి. గురువుగారిని పోశాక. ఎడమ చేతికి గ్లౌజు ఉంది. మూతల పెట్టె ఒరిగితే నాలుగు మూతలు ఏరి మళ్ళీ అందులోనే వేశాను."

"పారేయకుండా?"

"పారేయకుండా."

"ఎందుకు వెళ్ళావు?" ఇప్పుడా గొంతు దాదాపు వినపడడం లేదు.

"చీటీ కోసం."

"ఏం చీటీ?"

"మా ఆయన... మా ఆయన రాసిన చీటీ మేడమ్."

డాక్టరమ్మ చెయ్యి చాపింది. కొత్త పెళ్ళికూతురు కార్డు కవరులోంచి చీటీ తీయబోయింది.

"నువ్వు తాకకు. కవరుతో సహా ఈ సంచిలో వెయ్యి."

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. డాక్టరమ్మ మూడు ఫోన్లు చేసింది. మొదటిది ఆసుపత్రి సర్జన్‌కి. అవతలి కేకలు ఇటు నిలబడ్డవాళ్ళకి కూడా వినిపించాయి.

"అయిదున్నర దాకా ఆపగలనండీ. అది దాటి పగిలితే బాధ్యత నాది కాదు!"

"మీది కాదు. నాది" అని పెట్టేసింది. రెండోది హాస్టల్ వార్డెన్‌కి. "బస్సులు అయిదున్నరకి ముందు కదలకూడదు. పిల్లల్ని లోపలే ఉంచండి. ఎందుకంటే టైర్లలో గాలి లేదని చెప్పండి... ఆరు బస్సులకీనా? అవునమ్మా, ఆరింటికీ." మూడోది పై అంతస్తుకి. అక్కడ వేరే మెషీను, వేరే మందులు, ఇవాళ ఈ కిందివాళ్ళ గాలి సోకని మనుషులు. పాప శాంపిల్లో మిగిలినది పైకి వెళ్ళింది. మూతల పెట్టె వెళ్ళింది. చీటీ కూడా వెళ్ళింది. ఆ రెండిటినీ తుడిచిన దూదిపుల్లల్ని కూడా పరీక్షకి పెట్టాలంది డాక్టరమ్మ.

"నువ్వు కోటు విప్పేసి, చేతులు కడుక్కుని పై వసారాలో కూర్చో. దేన్నీ ముట్టుకోకు. నీ జుట్టు కూడా."

మూడుంబావుకి పైన మెషీన్ తిరగడం మొదలైంది. గంటా యాభై నిమిషాలు పడుతుంది.

పై వసారాలో బల్ల మీద ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా గోడ గడియారం. దాని సెకన్ల ముల్లు ముందుకి ఒక గెంతు గెంతి, కాస్త వణికి, అప్పుడు నిలబడుతోంది. మూడున్నరకి బాబాయ్ వచ్చి అవతలి చివర కూర్చున్నాడు. నాలుగింటికి లేచి వెళ్ళి రెండు టీలు తెచ్చాడు. ఒకటి ఆమె పక్కన పెట్టాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళలో నేనూ ఒకసారి వెనక్కి నడిచాను" అన్నాడు గోడతో చెప్తున్నట్టు.

"ఎందుకు బాబాయ్?"

"కళ్ళజోడు మర్చిపోయాను. దేనికైనా ఒక అర్థం ఉండాలి. చీటీ ఏంటే పిచ్చిపిల్లా! అందులో ఏముందసలు?"

"ఆఖరి లైను చదవలేదు."

"చదవలేదా!" ఆయన టీ గొంతుకి అడ్డుపడి దగ్గాడు. "ఇంతా చేసి చదవనే లేదా?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. రెండిటినీ మింగేసింది. "బాబాయ్, ఒకవేళ పాపకి నిజంగానే ఉంటే? నావల్ల రెండు గంటలు పోయినట్టేగా."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "పోయినట్టే" అన్నాడు. అబద్ధం చెప్పి ఓదార్చనందుకు ఆమెకి ఎందుకో కాస్త ఊపిరాడింది.

నాలుగుంబావుకి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. పాపకి నొప్పి ఎక్కువైందట, జ్వరం ఇంకో డిగ్రీ పెరిగిందట. నాలుగున్నరకి వార్డెన్. టైర్ల కథ పిల్లలు నమ్మడం లేదట, ఇద్దరు పెద్దపిల్లలు వెళ్ళి ఆరు బస్సుల టైర్లూ తన్ని చూసొచ్చారట. డాక్టరమ్మ తలుపు తెరిచి, "లోపలికి రండి. దూరంగా నిలబడండి" అంది.

తెర మీద ఇరవై ఒకటో చుట్టు నడుస్తోంది. గురువుగారి గీత ఒక్కటే అప్పటికే లేచి నిలబడి ఉంది. ఆయన లేవాల్సినవాడే. పాప శాంపిల్‌ని ఈసారి మూడు గుంటల్లో పోశారు. ఎర్ర గీతలు. చీటీది నీలం, మూతల పెట్టెది పసుపు, నీళ్ళది నలుపు.

ఇరవై ఏడో చుట్టులో నీలం గీత లేచింది.

"లేచింది" అన్నాడు బాబాయ్. "డాక్టరమ్మా, ప్రేమలేఖకి పాజిటివ్ వచ్చింది!"

ఎవరూ నవ్వలేదు. ముప్ఫై రెండు. ముప్ఫై మూడు. పసుపు గీత మెల్లగా మెడ ఎత్తింది. మూతల పెట్టె కూడా. అంటే ఆమె చెయ్యి వెళ్ళిన దారంతా గురువుగారు వెంట నడిచారు. అయినా అది సగం జవాబే. పెట్టెలో మరక ఉన్నంత మాత్రాన పాపకి జబ్బు లేదని కాదు.

ముప్ఫై అయిదు.

ముప్ఫై ఆరు. మధ్యాహ్నం గీత లేచింది సరిగ్గా ఇక్కడే. మూడు ఎర్ర గీతలూ నేల మీదే ఉన్నాయి.

ముప్ఫై ఏడు. మధ్య గీత అటూ ఇటూ ఒక్క వెంట్రుకవాసి కదిలింది. డాక్టరమ్మ తెర మీదికి వంగింది. గీత మళ్ళీ పడుకుంది.

ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది.

నలభై. మెషీన్ సన్నగా ఒక కూత కూసి ఆగిపోయింది. ఎర్ర గీతలు మూడూ నిద్రపోతున్న పిల్లల్లా పక్కపక్కన ఉన్నాయి. నీళ్ళ గీత వాటి పక్కనే.

డాక్టరమ్మ అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అయిదూ ఏడు.

"లేదు. పొక్కుల జ్వరం లేదు. మూడుసార్లు చూశాం. థియేటర్‌లోకి తీసుకెళ్ళండి. మాకు ఇంకో శాంపిల్ పంపండి, రేపు మళ్ళీ చూస్తాం, కానీ మీరు ఆగొద్దు. పొక్కులు దేనివో తీరిగ్గా చూసుకోవచ్చు." తర్వాత వార్డెన్‌కి చేసింది. "టైర్లకి గాలి వచ్చిందమ్మా. పంపించండి."

ఫోన్ కింద పెట్టి ఆవిడ కుర్చీలో కూలబడింది. ఆవిడ అలా కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పైకి లేచేసరికి మళ్ళీ పాత మనిషే.

"పుస్తకం తీసుకో. పదకొండూ ముప్పావు నుంచి ఉన్నదున్నట్టు రాయి. చీటీ సంగతి కూడా. రేపటి నుంచి మూడు నెలలు గ్లాసు సామాను కడిగే గదిలో. ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇప్పుడు రాదు, మళ్ళీ పది నెలలు చూస్తాను."

"ఇంటికి నడవమనరా మేడమ్?" నోరు జారింది.

"బోర్డు చదివావుగా. రాయకపోతే ఇంటికి. నువ్వు ఆలస్యంగానైనా చెప్పావు." ఆవిడ గొంతు మామూలు ఎత్తుకి వచ్చింది. "చెప్పకపోయి ఉంటే సాయంత్రానికి ఆ పిల్ల ఎక్కడుండేదో ఇవాళ ఇంటికెళ్ళాక ఆలోచించుకో. నీకు నా శిక్షకన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది."

ఆమె తల ఊపింది. పుస్తకంలో ఒక్క ముక్క దాచకుండా రాసింది. సంతకం పెట్టి వెళ్ళబోతుంటే, "చీటీని ఆవిరి పెట్టెలో ఉడకబెట్టి, ఆ తర్వాత కాల్చేశాం" అంది డాక్టరమ్మ కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

"సరే మేడమ్."

"పాలు."

"మేడమ్?"

"దూదిపుల్లతో తుడిచేటప్పుడు భూతద్దం కింద పెట్టాల్సి వచ్చింది. ఆఖరి లైను. ‘వచ్చేటప్పుడు పాలు తీసుకురా.’" ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది. "దీనికోసం వెనక్కి నడిచావు."

బస్టాపుకి వెళ్ళే దారిలో దుకాణం దగ్గర ఆగి రెండు పాల ప్యాకెట్లు కొంది. చల్లటి ప్యాకెట్లు చేతికి తగులుతుంటే ఫోన్ మోగింది. బాబాయ్.

"ఆపరేషన్ అయిపోయిందట. ఇంకో గంట ఆగితే పగిలేదన్నాడట సర్జను. పిల్ల కళ్ళు తెరిచిందట, వాళ్ళమ్మ చెయ్యి దొరకబుచ్చుకుందట. పొక్కులు దోమకాట్లేనేమో అంటున్నారు. ఇక చాలు, ఏడవకు."

"ఏడవడం లేదు బాబాయ్."

"నాకు వినిపిస్తోంది" అని పెట్టేశాడు.

ఆమె దిగే బస్టాపులో భర్త ఆరింటి నుంచీ నిలబడే ఉన్నాడు. ఇప్పుడు ఏడూ పది. బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే ఆమెని కిటికీలో చూసి చెయ్యెత్తాడు. ఆమె దిగగానే ఆయన చూపు మొహం మీదికి కాకుండా చేతిలోని ప్యాకెట్ల మీదికి వెళ్ళింది. మొహం వెలిగిపోయింది.

"చదివేశావ్! ఆ లైను మా దుకాణంలో ఎవ్వరూ చదవలేకపోయారు తెలుసా? మా యజమాని వల్ల కూడా కాలేదు. నీ చూపు భేషు!"

ఆమె ప్యాకెట్లు ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా అలాగే పట్టుకుంది.

"నేను చదవలేదండీ" అంది. "మా డాక్టరమ్మ చదివింది. నడుస్తూ చెప్తాను, పదండి."